హైబ్రిడ్ బ్రేకులు అరిగి పోవు, పట్టేసి పోతాయి

చిరంజీవి అల్లుడికి,

బండి లక్షన్నర కిలోమీటర్లు దాటినా బ్రేకు ప్యాడ్లు సగం కూడా అరగలేదని సంబరపడకు. హైబ్రిడ్‌లో, అంటే ఇంజనుతోపాటు కరెంటు మోటారూ ఉన్న బండిలో, బ్రేకు పెడల్ మెల్లగా నొక్కినంతసేపూ వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చూసుకుని, ఆ శక్తిని బ్యాటరీకి పంపేస్తుంది. ప్యాడ్లకు అసలు పని పడేది బండి ఆగిపోయే చివరి క్షణాల్లో, సడన్ బ్రేక్ కొట్టినప్పుడు, బ్యాటరీ నిండిపోయినప్పుడు. వాడకం లేక చక్రంతోపాటు తిరిగే డిస్కు తుప్పు పడుతుంది, ప్యాడ్లను ఆ డిస్కుకు అదిమే కాలిపర్ జారడానికి ఉన్న పిన్నులు బిగుసుకుంటాయి. చివరికి మందం ఉన్న ప్యాడ్లనే పారేయాల్సి వస్తుంది.

అందుకే ఏడాదికోసారి, లేదా 20,000 కిలోమీటర్లకోసారి, నాలుగు చక్రాలూ విప్పించు. చక్రం సందులోంచి చూసి ‘ప్యాడ్లు బాగానే ఉన్నాయి’ అనే మాట లెక్కలోకి రాదు. అక్కణ్ణుంచి సాధారణంగా కనబడేది బయటి ప్యాడే. లోపలిదాన్నీ కొలవాలి. కొత్త ప్యాడ్ 10 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది, 3 మి.మీ.కి వస్తే మార్చెయ్. లోపలిదానికీ బయటిదానికీ 2 మి.మీ. తేడా వచ్చిందంటే పిన్నో, ప్యాడ్‌ను తోసే పిస్టనో పట్టేసినట్టే. దాన్ని సరిచెయ్యకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే తగలడతాయి.

నువ్వే విప్పేటట్టయితే ముందు ఈ సంగతి తెలుసుకో. ఈ బళ్లలో చాలావాటికి బ్రేకు ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపు నుంచి వస్తుంది. డోర్ తీయగానే జుయ్‌మని వినపడేది అదే. కాలిపర్ ఊడదీసి ఉండగా ఆ పంపు తిరిగితే పిస్టన్ బయటికి తన్నుకొస్తుంది, వేళ్లు నలుగుతాయి. వెనకాల ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో, అంటే మోటారు వెనక్కి జరిగి ప్యాడ్లను వదిలే స్థితిలో, పెట్టు. తర్వాత బండి ఆపి, తాళం దూరంగా పెట్టి, మాన్యువల్ చెప్పిన వరసలో పంపుకు కరెంటు అందకుండా చేసి, చెప్పినంతసేపు ఆగాకే చెయ్యి పెట్టు.

పిన్నులు బయటికి లాగి పాత గ్రీజంతా తుడిచెయ్. రబ్బరుకు పడే సిలికాన్ బ్రేకు గ్రీజు పల్చగా రాయి. మామూలు బేరింగ్ గ్రీజు రాస్తే పిన్ను మీది రబ్బరు తొడుగు ఉబ్బి, పిన్ను మరింత బిగుస్తుంది. ఒక పిన్నుకు చివర రబ్బరు బుష్ ఉంటే అది ఏ రంధ్రంలోంచి వచ్చిందో అందులోకే పోవాలి.

చాలామంది వదిలేసేది ప్యాడ్లు కూర్చునే బ్రాకెట్. అందులోని స్టీల్ క్లిప్పుల కింద తుప్పు పొరలు పొరలుగా పొంగి, ప్యాడ్ చివర్లలోని చెవుల్ని రెండువైపులా నొక్కేస్తుంది. క్లిప్పులు తీసి, వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకి, కొత్త క్లిప్పులు వెయ్. ప్యాడ్ వేలితో తోస్తే జారాలి. సుత్తి అవసరమైతే ఇంకా తుప్పు మిగిలినట్టే. ప్యాడ్ చెవులను మాత్రం ఆకురాయితో అరగదియ్యకు. డిస్కు కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది, మైక్రోమీటర్‌తో సరిచూడు.

నడపడంలో పెద్ద విద్యేమీ లేదు. ముందుచూపుతో తొందరగా, తేలిగ్గా నొక్కితే మోటారే ఆపుతుంది. కానీ వారానికోసారి ప్యాడ్ల రాపిడితోనే డిస్కుల తుప్పు తుడవాలి. వెనక బండ్లేవీ లేని ఖాళీ, తిన్నని రోడ్డు మీద, 60 వేగంలో గేరు న్యూట్రల్‌కు వేస్తే చాలా హైబ్రిడ్లలో ఛార్జింగ్ ఆగిపోయి ప్యాడ్లే పట్టుకుంటాయి. 20కి వచ్చేదాకా ఒత్తిగా నొక్కి, మళ్లీ డ్రైవ్‌లోకి రా. ఐదారుసార్లు చాలు. దిగుడు రోడ్ల మీద మాత్రం ఈ పని వద్దు. కారు కడిగాక తడి డిస్కులతో వారం పాటు నిలబెట్టడం కంటే, నాలుగుసార్లు బ్రేకు వేసి ఆరబెట్టి పార్క్ చెయ్.

బ్రేకు ఆయిల్‌ను రెండు మూడేళ్లకు మార్పించు, ప్యాడ్లు అరగకపోయినా సరే. అది గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరితే ఆ హద్దు 140కి దిగుతుంది. లోపలి పిస్టన్లకు తుప్పు పట్టించేదీ ఆ నీరే. బండిలో బ్రేకు ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకమే పొయ్యాలి. ఆయిల్ మార్చాక బ్రేకు గొట్టాల్లోని గాలి తీయడానికి చాలా హైబ్రిడ్లకు బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ కావాలి కాబట్టి అది లేని చోట ఈ పని చేయించకు.

అన్నీ బిగించాక, బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నొక్కి వదులు, ఆయిల్ లెవెల్ చూసుకో. పదిహేను నిమిషాలు నడిపాక డిస్కు తాకకుండా ప్రతి చక్రం దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూడు. ఇరుసుకు అటొకటి ఇటొకటి సమానంగా ఉండాలి. ఒకవైపు సెగ కొడితే ఆ చక్రాన్ని మళ్లీ విప్పు.

మీ మామయ్య