స్ట్ర్‌లెన్ వాడకుండా స్ట్రింగ్ పొడవు ఎలా కనుక్కోవాలి?

సీ ప్రోగ్రామింగ్ భాషలోనే కదా అడిగారు? స్ట్రింగ్ అంటే వరుస గడుల్లో పేర్చిన అక్షరాలు, దాని పొడవు చెప్పే రెడీమేడ్ ఫంక్షనే స్ట్ర్‌లెన్. లెక్కను సున్నాతో మొదలుపెట్టి, స్ట్రింగ్ ముగిసిందని చెప్పే సున్నా విలువ గుర్తు నల్ క్యారెక్టర్, అదే మా ల్యాబ్‌లో అనుకునే ‘స్లాష్ జీరో’, తగిలేదాకా గడికి ఒకటి చొప్పున కలుపుకుంటూ పోవడమే. నల్‌ను లెక్కలో వేయకూడదు. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. ఆ నల్ అసలు అక్కడ ఉందో లేదో చూసుకోమని మాత్రం నాకెవరూ చెప్పలేదు.

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం ల్యాబ్ పరీక్షలో నాకు వచ్చిన ప్రశ్న ఇదే. ఎనిమిది గడుల అర్రే, అంటే మెమరీలో పక్కపక్కనే ఉండే గడుల వరుస, తీసుకుని, గోదావరికి ఇంగ్లీషులో ఉండే ఎనిమిది అక్షరాలనూ కీబోర్డు నుంచి అక్షరం చదివే గెట్‌ఛార్‌తో ఒక్కొక్కటిగా నింపాను. ముందురోజు వేరే కంప్యూటర్‌లో చక్కగా 8 వచ్చింది. పరీక్షలో 13 వచ్చింది. మళ్ళీ నడిపాను, మళ్ళీ 13. ఎక్స్‌టర్నల్ సార్ తెర వైపు చూసి, “వరదల్లో కూడా గోదావరి ఇంత పొంగదు కదయ్యా! తొమ్మిదో గడి ఏది?” అన్నారు.

నల్‌కు నేను చోటే ఇవ్వలేదు. గడి గడికీ తిరిగి లెక్కపెట్టే లూపు అర్రే దాటిపోయి, పక్క మెమరీలో ఎక్కడో ఒక సున్నా కనబడేదాకా నడిచింది. ముందురోజు ఆ సున్నా నా అదృష్టం కొద్దీ తొమ్మిదో చోటే ఉంది. అర్రేకు ఇంకో గడి కలిపి, చివర నల్ పెట్టగానే 8 వచ్చింది. ఇదే ప్రోగ్రామ్‌ను రికార్డులో సీనియర్‌ది చూసి దించి, ఫ్లోచార్టు గీసి, సంతకం కూడా చేయించుకున్నాను. ఆ సంతకం దేనికో ఇప్పటికీ అర్థం కాదు. సీలో తప్పుల్లో సగం ఈ ఒక్క గడి దగ్గరే పుడతాయని నా నమ్మకం. వరుసంతా ఒకేసారి చదివే ఎఫ్‌గెట్స్‌తో చదివితే ఎంటర్ నొక్కిన గుర్తు కూడా లెక్కలోకి వస్తుంది, అదొక తలనొప్పి.

పొడవు అంటే ఏమిటో తేల్చకుండా లెక్కపెట్టమనడం ఇంకా పెద్ద తప్పు. ‘తెలుగు’ మన కంటికి మూడు అక్షరాలు. అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో గుణింతపు గుర్తులు విడిగా ఉంటాయి కాబట్టి పైథాన్ అనే భాష ఆరు అంటుంది. ఆ సంఖ్యలను బైట్లుగా, అంటే మెమరీ గడులుగా, దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు కనుక సీలో మీ లూపు 18 అంటుంది. ‘శ్రీ’ ఒక్కదానికే 12!

నేను పనిచేసిన ఒక చోట పేరుకు 20 బైట్లు చాలనుకున్నారు. ‘వెంకటేశ్వర్లు’కు 39 కావాలి. ఆ పేరున్న వాళ్ళందరి రసీదుల మీదా ‘వెంకటే’, పక్కన ఒక ప్రశ్నార్థకం అచ్చయ్యాయి. ఒక పెద్దాయన రసీదు తెచ్చి నా బల్ల మీద పెట్టి, “మిగతా పేరు ఎవరికిచ్చారు నాయనా?” అని అడిగారు.