టెక్ సందేహాలు: స్టార్ యాప్ దిక్కులు తప్పు చూపిస్తోందా?

ప్రశ్న: వానలు తగ్గాక రాత్రిళ్లు డాబా మీద నక్షత్రాలు చూడటం మొదలుపెట్టాను. ఫోన్‌లో స్టెల్లేరియం వేసుకున్నాను. అది తూర్పున చూపించే చుక్క నాకు ఈశాన్యంలో కనిపిస్తోంది. యాప్ మార్చాలా, ఫోన్ మార్చాలా?
- ఖమ్మం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: రెండూ అక్కర్లేదు. చుక్కల లెక్క సరిగ్గానే ఉంటుంది, దారి తప్పేది ఫోన్‌లోని దిక్సూచి. మ్యాగ్నెటోమీటర్ అనే సెన్సర్ భూమి అయస్కాంత క్షేత్రాన్ని పట్టి దిక్కు చెబుతుంది. ఫోన్ కవర్‌కు అయస్కాంతపు బొత్తం ఉన్నా, పక్కన ఇనుప రెయిలింగ్ ఉన్నా అది తికమకపడుతుంది. కవర్ తీసేసి, రెయిలింగ్‌కు దూరంగా నిలబడి, ఫోన్‌ను గాల్లో 8 అంకె ఆకారంలో నాలుగైదుసార్లు తిప్పండి. లొకేషన్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. కొన్ని చవక ఫోన్లలో ఈ సెన్సరే ఉండదు. అలాంటప్పుడు మ్యాప్‌ను వేలితో జరుపుకుంటూ చూడటమే.

యాప్‌లో నైట్ మోడ్ పెడితే తెర ఎర్రగా మారుతుంది. ఇది తప్పకుండా వాడండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. ఒక్క వాట్సాప్ మెసేజ్ తెరిచారంటే ఆ నిరీక్షణ మళ్లీ మొదటికొస్తుంది.

ఇక ఫోన్ పక్కన పెట్టేసి తల ఎత్తండి. అక్టోబరు చివర్లో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో దాదాపు నడినెత్తిన నాలుగు చుక్కల పెద్ద చతురస్రం ఉంటుంది. అదే పెగాసస్ చతురస్రం. పడమటి అంచు రెండు చుక్కలూ మన పంచాంగంలోని పూర్వాభాద్ర, తూర్పు అంచు రెండూ ఉత్తరాభాద్ర. ఇంట్లో పెద్దవాళ్ల నోట విన్న పేర్లే! నాకు ఈ ఋతువులో ఆకాశం ఇష్టమవడానికి సగం కారణం ఇదే.

ఉత్తరాభాద్రలో ఉత్తరం వైపు చుక్క నుంచి ఈశాన్యంగా రెండు చుక్కలు లెక్కపెట్టండి. రెండో దాని దగ్గర ఎం ఆకారపు కాసియోపియా నక్షత్రమండలం వైపు తిరిగి, రెండు చిన్న చుక్కలు దాటండి. అక్కడ పలచటి మసక మరక కనిపిస్తే అదే ఆండ్రోమెడా గెలాక్సీ. మీ కంటిని చేరిన ఆ వెలుగు అక్కడ బయలుదేరి సుమారు 25 లక్షల ఏళ్లయింది. ఊరి లైట్లలో ఇది కనపడదు, పొలం వైపు వెళ్లాలి. దీపావళి పొగ తగ్గాక, నాగుల చవితి దాకా చంద్రుడు త్వరగా అస్తమిస్తాడు. మబ్బు లేకపోతే ఆ రోజులు వదులుకోకండి.

ప్రశ్న: మా బాబు కోసం 60 మిల్లీమీటర్ల టెలిస్కోప్ చూశాం. డబ్బా మీద 525 రెట్లు అని ఉంది. కొనవచ్చా?
- విజయవాడ నుంచి ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: వద్దండీ. కటకం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లుంటే దానికి రెండింతలు, అంటే ఇక్కడ 120 రెట్లు దాటితే బొమ్మ పెద్దదవుతుంది గానీ స్పష్టత రాదు. వణికే స్టాండుతో పిల్లలు విసిగిపోతారు కూడా. 10x50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దగా చూపేది, కటకాల వెడల్పు 50 మిల్లీమీటర్లు) కొనండి. అక్టోబరు చివర్లో రాత్రి తొమ్మిదింటికి తూర్పున కృత్తికలు పైకొచ్చి ఉంటాయి. ఉత్త కంటికి ఆరో ఏడో లెక్కకొచ్చే చోట బైనాక్యులర్లో పదుల కొద్దీ చుక్కలు కనిపిస్తాయి. ఆ తేడా బాబును స్వయంగా చూడనివ్వండి.

ప్రశ్న: ఫోన్‌తో నక్షత్రాల ఫొటో వస్తుందా?

జవాబు: వస్తుంది. ట్రైపాడ్ తప్పనిసరి. కెమెరా ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 1600, షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) 15 సెకన్లు, ఫోకస్ అనంతం దగ్గర పెట్టండి. వేలి తాకిడికి ఫోన్ కదలకుండా 3 సెకన్ల టైమర్ వాడండి.