పూల్ సి పట్టికలో మూడో మ్యాచ్ ఎక్కడిది?

మీ లెక్క తప్పడానికి కారణం, తొలి దశ ఫలితాల్లో ఒకటి పూల్ సికి బదిలీ కావడమే అయి ఉండాలి. యూరోపియన్ పురుషుల ఇండోర్ హాకీ ఛాంపియన్‌షిప్‌లో పూల్ సి జట్లు రెండేసి మ్యాచ్‌లే ఆడినా, పట్టికలో మూడేసి కనిపిస్తున్నాయని అడిగారు.

1. ఎనిమిది జట్ల పద్ధతిలో ఎ, బి పూల్స్‌లో నాలుగేసి జట్లుంటాయి. వాటిలో మొదటి రెండు సెమీఫైనల్స్‌కు, చివరి రెండు పూల్ సికి వెళ్తాయి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. పూల్ ఎ నుంచి వచ్చిన రెండు జట్లు ఇదివరకే తమలో తాము తలపడ్డాయి కాబట్టి మళ్లీ ఆడవు. ఆ ఒక్క మ్యాచ్ పాయింట్లూ గోల్సూ యథాతథంగా కొత్త పట్టికలో చేరతాయి. పూల్ బి జట్లకూ అంతే. సెమీస్‌కు వెళ్లిన జట్లతో ఆడిన ఫలితాలను మాత్రం, అవి ఎంత ఘనమైన విజయాలైనా, పూర్తిగా తీసివేయాలి. ఉదాహరణకు, తన పూల్‌లో మూడో స్థానంలో నిలిచిన జట్టు నాలుగో జట్టును 5–3తో ఓడించి ఉంటే, అది పూల్ సిని 3 పాయింట్లతో, +2 గోల్స్ తేడాతో మొదలుపెడుతుంది.

3. తర్వాత అవతలి పూల్ జట్లతో ఆడిన రెండు మ్యాచ్‌లను కలపండి: గెలుపుకు 3, డ్రాకు 1.

4. పాయింట్లు సమానమైతే ముందు గెలిచిన మ్యాచ్‌ల సంఖ్యను, ఆ తర్వాతే గోల్స్ తేడాను చూడండి.

ఈ పూల్‌లో చివరి రెండు జట్లు కింది శ్రేణికి దిగిపోతాయి కనుక, బదిలీ అయిన ఆ ఒక్క ఫలితాన్ని ముందుగా సరిచూసుకోండి.