"సంతకం ఒక్కటే కదా" అంటున్నారు మావారు

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటామండి. పాప లెవెన్త్ గ్రేడ్. పోయినేడాది నేషనల్ ఆనర్ సొసైటీలో (చదువు, సేవ లాంటివి చూసి హైస్కూల్ పిల్లల్ని ఎంచుకునే సంఘం) సెలెక్ట్ అయింది, కొవ్వొత్తి పట్టుకుని ప్రమాణం చేసిన ఫోటో పంపిస్తే మా మామగారు ఊళ్ళో నెల రోజులు స్టేటస్‌లో పెట్టుకున్నారు. ఇప్పుడు మార్చి మొదట్లో స్కూల్ నుంచి వార్నింగ్ లెటర్ వచ్చింది, 20 గంటల సర్వీస్ చేయాల్సింది 6 గంటలే చేసిందట, మీటింగులు కూడా రెండు మిస్ అయిందట, మే మొదటి వారంలోపు సరిచేసుకోమన్నారు. మావారికి తెలిసినాయన గుళ్ళో వాలంటీర్ల పని చూస్తారు, మిగతా 14 గంటలకీ సంతకం పెట్టేస్తానన్నారు. పాప ససేమిరా అంటోంది. "అందరూ చేసేదే, నువ్వేమన్నా హరిశ్చంద్రుడివా" అని ఈయన అరిచారు, "అయితే నేను సొసైటీయే మానేస్తా" అని అది తలుపేసుకుంది. వారం నుంచి తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు, మధ్యలో నేను నలిగిపోతున్నా. నాకు జనవరి నుంచి రోజూ ఆఫీసుకి రమ్మన్నారు, అప్పట్నుంచి తమ్ముణ్ణి స్కూల్ నుంచి తెచ్చేది, తినడానికి పెట్టేది, హోంవర్క్ చేయించేది అదే, ఇంట్లో అదే నాకు కుడిచెయ్యి. ఇది పోతే కాలేజీ అడ్మిషన్లకి దెబ్బా? నేను స్కూల్‌కి వెళ్ళి టీచర్‌తో మాట్లాడనా? ఈయన ప్రాజెక్ట్ అయిపోతే వచ్చే ఏడాది మళ్ళీ న్యూజెర్సీ వెళ్ళాల్సి రావచ్చు, అప్పుడేంటి? బాబు సెవెంత్, వాడికి జూనియర్ ఆనర్ సొసైటీ పిలుపు వచ్చింది, ఈ గొడవంతా చూశాక వద్దనాలనిపిస్తోంది.

జవాబు: ముందు ఆ సంతకం సంగతి తేల్చేద్దామండి. వద్దు. పాపం పుణ్యం అని నేను మొదలుపెట్టను, మీవారికి లెక్కలే ఎక్కుతాయనిపిస్తోంది కాబట్టి లెక్కే చెప్తా.

గంటలు తక్కువవడం చాలామంది పిల్లలకి జరిగేదే, దానికి రూల్స్‌లోనే దారి ఉంది. మెంబర్ ఏదన్నా విషయంలో వెనకబడితే రాతపూర్వకంగా వార్నింగ్ ఇవ్వాలి, సరిచేసుకోడానికి టైం ఇవ్వాలి, అప్పటికీ కాకపోతే ఫ్యాకల్టీ కౌన్సిల్ (టీచర్ల కమిటీ) ముందు పిల్ల తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, వాళ్ళు తీసేసినా ప్రిన్సిపాల్‌కి అప్పీల్ చేసుకోవచ్చు. మీకొచ్చింది వీటన్నిటిలో మొదటి మెట్టు, అంతే. దొంగ గంటలు అలా కాదు, అది క్యారెక్టర్, అంటే నడవడిక కిందకి వస్తుంది, స్కూల్ రూల్స్‌ని బాహాటంగా ఉల్లంఘించారని అనుకుంటే వార్నింగ్ కూడా ఇవ్వక్కర్లేదు, సరాసరి హియరింగే. ఒకసారి తీసేశారంటే మళ్ళీ జన్మలో ఆ సొసైటీలోకి రానివ్వరు, స్కూల్ మారినా సరే. పైగా స్కూల్ డిసిప్లిన్ కేసు వేరే. 14 గంటల పని తప్పించుకోడానికి ఇంత రిస్క్ ఏంటండి, ఆ సంతకం పెడతానన్నాయనకి కూడా రేపు స్కూల్ నుంచి ఎవరైనా ఫోన్ చేసి ఏ రోజు ఏం పని చేసిందండీ అని అడిగితే ఏం చెప్తారు?

అసలు ఈ సొసైటీ ఏంటో మన ఇళ్ళల్లో సరిగ్గా ఎక్కదు. మనకి ఎంసెట్ ర్యాంక్ లాగా అనిపిస్తుంది, మార్కులొచ్చాయి, సీటొచ్చింది, ఇంక మనదే అన్నట్టు. 1921లో అమెరికాలో హైస్కూల్ ప్రిన్సిపాళ్ళ సంఘం దీన్ని మొదలుపెట్టినప్పుడే నాలుగు స్తంభాలు అన్నారు, చదువు, సేవ, నాయకత్వం, నడవడిక. నేషనల్ రూల్ ప్రకారం చదువుకి కనీసం 85 శాతం, లేదా 4.0 స్కేల్ మీద 3.0 జీపీఏ ఉండాలి, చాలా స్కూళ్ళు ఇంకా పైన పెట్టుకుంటాయి, కానీ అది గేటు దగ్గరకి వెళ్ళడానికి మాత్రమే. మిగతా మూడూ చూసి ఓటేసేది ప్రిన్సిపాల్ నియమించిన ఐదుగురు టీచర్ల కౌన్సిల్. స్కూల్లో ఉండే సొసైటీ శాఖని చాప్టర్ అంటారు, దాన్ని చూసుకునే చాప్టర్ అడ్వైజర్ అని ఒక టీచర్ ఉంటారే, ఆవిడకి ఓటు కూడా ఉండదు. ఎన్ని గంటలు చేయాలన్నది కూడా నేషనల్ వాళ్ళు పెట్టింది కాదు, మీ స్కూల్ చాప్టర్ పెట్టుకున్నది, అందుకే మీ వాట్సాప్ గ్రూప్‌లో వేరే స్కూల్ తల్లి "మాకు పదే గంటలు" అంటే కంగారుపడక్కర్లేదు. అన్నట్టు, ఆనర్ సొసైటీ అని పేరు పెట్టుకుని డబ్బు కట్టమని ఇంటికి పోస్టులో లెటర్లు పంపే కంపెనీలు కూడా ఉంటాయి, అవి వేరు, వాటి జోలికి వెళ్ళకండి. ఇది స్కూల్ చాప్టర్ ద్వారా తప్ప రాదు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నాకు గట్టిగా తగిలిన లైన్. ఎక్కడో మధ్యలో, ఏదో మామూలు విషయంలాగా రాశారు, జనవరి నుంచి తమ్ముడి పని అంతా అదే చూస్తోందని. అమ్మా, ఆ 14 గంటలు ఎటు పోయాయో మీరే రాసేశారు, చూసుకోలేదంతే! పిల్ల బద్ధకంగా పడుకుని ఫోన్ చూస్తూ గంటలు పోగొట్టుకోలేదు, రోజూ స్కూల్ అవగానే వాళ్ళ ఫ్రెండ్స్ ఫుడ్ డ్రైవ్ అని, ట్యూటరింగ్ అని వెళ్తుంటే అది తమ్ముణ్ణి ఎక్కించుకుని ఇంటికొచ్చి దోసెలు పోస్తోంది. ఆ మిస్సైన మీటింగులు రెండూ కూడా సాయంత్రాలవే అయ్యుంటాయి, ఒకసారి తేదీలు చూడండి. ఇంత చేసినా ఆ లెటర్ వచ్చిన రోజు దానికి ఇంట్లో ఎదురైంది ఏంటి, ఎందుకు చేయలేదు అని ఒకరు, దొంగ సంతకం తెస్తా అని ఇంకొకరు (సరే, ఇద్దరూ ఒకరే). నీకు టైం ఎక్కడుందే అని అడిగినవాళ్ళు లేరు. మానేస్తా అంది అంటే అనదా మరి.

ఇంకో మాట, కొంచెం కష్టంగా ఉంటుందేమో. ఆయన ఏమన్నారో రాశారు, పాప ఏమందో రాశారు, మీరేమన్నారో మాత్రం ఎక్కడా లేదు. మధ్యలో నలిగిపోతున్నా అన్నారు, కానీ మధ్యలో ఉండిపోవడం కూడా పాపకి ఒక జవాబులాగే వినిపిస్తుంది, అమ్మ కూడా నాన్న వైపే అని. కాబట్టి ఇవాళే, ఆయన ఇంట్లో ఉన్నప్పుడే, ఇద్దరికీ వినపడేలా "ఆ సంతకం మనకొద్దు, నువ్వు చెప్పింది కరెక్ట్" అని ఒక్క మాట అనండి. ఆ తర్వాత ఆయనతో విడిగా ఎంతసేపైనా మాట్లాడుకోండి. ఆయన్ని దుర్మార్గుడిలా చూడకండి కూడా. అమీర్‌పేటలో ఫైనలియర్ ప్రాజెక్ట్ కొనుక్కుని, ల్యాబ్ రికార్డులు వేరేవాళ్ళతో రాయించుకుని డిగ్రీలు పాసైన తరం మనది, మీవారు అలా చేశారని కాదు, మన చుట్టూ గాలే అది, కాగితం మీద సంతకం అంటే ఒక లాంఛనం. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లకి అలా కాదు, ఆ ఫామ్ కింద "ఇది నిజం" అని తన పేరు రాయాల్సింది అదే కదా. ఆయనకి లోపల భయం, అమ్మాయి వెనకబడిపోతుందని. ఆ భయానికి జవాబు చెప్తే ఆయన దిగొస్తారు.

ఆ జవాబు ఇదిగో. మీరున్నది టెక్సస్‌లో, ఇక్కడ 1997లో చేసిన చట్టం ప్రకారం స్కూల్లో టాప్ 10 పర్సెంట్‌లో ఉన్న పిల్లలకి స్టేట్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్, యూటీ ఆస్టిన్‌కి (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) మాత్రం అది టాప్ 6 పర్సెంట్‌గా ఉండేది, 2026 ఫాల్ నుంచి 5 పర్సెంట్ చేశారు. అందులో చూసేది క్లాస్ ర్యాంక్, ఆనర్ సొసైటీ ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. కంప్యూటర్ సైన్స్ లాంటి మేజర్ దొరకడం వేరే కథ, అక్కడ మొత్తం అప్లికేషన్ చూస్తారు, అక్కడ కూడా ఇది ఒక లైన్ అంతే. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి ఒకటే పనికొచ్చే ఆన్‌లైన్ అప్లికేషన్) యాక్టివిటీస్‌కి 10 గళ్ళు, ఆనర్స్‌కి 5 గళ్ళు ఉంటాయి, ఒక్కో యాక్టివిటీలో ఏం చేశావో చెప్పడానికి 150 అక్షరాలే. మంచి స్కూళ్ళ నుంచి అప్లై చేసే పిల్లల్లో చాలామందికి ఈ సొసైటీ ఉంటుంది కాబట్టి మెంబర్ అనగానే ఎవరూ కళ్ళు పెద్దవి చేసుకోరు, అందులో ఏదన్నా పని నడిపితే దానికి కొంత విలువ. మీవారికి తప్పకుండా చూపించాల్సింది ఇంకోటి ఉంది, అదే కామన్ యాప్‌లో యాక్టివిటీ రకాల లిస్ట్‌లో కుటుంబ బాధ్యతలు అని ఒక ఆప్షన్ ఉంటుంది. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. పాప తమ్ముడికి చేస్తున్నదంతా అక్కడ నిజాయితీగా రాసుకోవచ్చు. సొసైటీ గంటల్లో మామూలుగా ఇంటి పని లెక్కలోకి రాదు, కాలేజీ అప్లికేషన్‌లో వస్తుంది!

మానేస్తా అన్నదాని గురించి. మానేసే హక్కు దానికి ఉంది, కానీ రాజీనామా రాసిచ్చినా మళ్ళీ చేర్చుకోరు, తీసేసినట్టే. మీరు న్యూజెర్సీ వెళ్ళే మాట కూడా ఉంది కదా, మెంబర్‌గా ఉండగా స్కూల్ మారితే ఇక్కడి ప్రిన్సిపాల్ దగ్గరో అడ్వైజర్ దగ్గరో లెటర్ తీసుకెళ్తే కొత్త స్కూల్ చాప్టర్ వాళ్ళు చేర్చుకోవాలి, వాళ్ళ రూల్స్‌కి తగ్గట్టు అవడానికి ఒక సెమిస్టర్ టైం ఉంటుంది. మధ్యలో మానేస్తే అదీ పోతుంది. అందుకని ఇప్పుడు కోపంలో వద్దు, ముందు గంటలు పూర్తిచేసి తర్వాత సీనియర్ ఇయర్‌లో ఉండాలా వద్దా నీ ఇష్టం, మేం మాట్లాడం అనండి. ఆ "మేం మాట్లాడం" అన్నదాని మీద నిలబడాలి మరి, మామగారి స్టేటస్ ఏమైపోయినా సరే.

మీరు స్కూల్‌కి వెళ్ళొద్దు. లెవెన్త్ పిల్ల తరఫున అమ్మ వచ్చి మాట్లాడితే పాప ఇబ్బంది పడుతుంది, అడ్వైజర్‌కి కూడా అంత బాగోదు. పాపే చిన్న ఈమెయిల్ రాయాలి, లెటర్ అందింది, జనవరి నుంచి ఇంట్లో తమ్ముడి బాధ్యత మీద పడింది, ఏ వారం ఏం చేస్తానో ఇది ప్లాన్, మిస్సైన మీటింగులకి బదులు ఏదన్నా చేయొచ్చా అని. సాకులు అక్కర్లేదు, ఏడుపు అక్కర్లేదు. కారణం తెలిసిన టీచర్ వేరు, ఏమీ తెలీకుండా ఖాళీ షీట్ చూసే టీచర్ వేరు. రేపు ఒకవేళ హియరింగ్ దాకా వెళ్ళినా ఆ ఈమెయిల్ పనికొస్తుంది.

పద్నాలుగు గంటలంటే మే లోపు శనివారాలు లెక్కేసుకుంటే వారానికి రెండు గంటలు కూడా పడదు. ఫుడ్ బ్యాంక్‌లో ఒక షిఫ్ట్ చేస్తే రెండు మూడు గంటలు అయిపోతాయి, లైబ్రరీ ఉంది, ఎలిమెంటరీ స్కూళ్ళల్లో ఈ సీజన్‌లో కార్నివాల్స్ ఉంటాయి. గుడి కూడా వద్దనక్కర్లేదు, ఉగాది, శ్రీరామనవమి రెండూ ఈ లోపే వస్తున్నాయి, వంటింట్లో, ప్రసాదాల దగ్గర, పార్కింగ్‌లో మనుషులు ఎప్పుడూ సరిపోరు, ఆ సంతకం పెడతానన్నాయన్నే నిజం పని ఇమ్మని అడగండి, నిజం సంతకమే పెడతారు. కాకపోతే కొన్ని చాప్టర్లు మతానికి సంబంధించిన సేవ కొంతవరకే లెక్కేస్తాయి, కాబట్టి పని చేయకముందే పాప ఆ ఈమెయిల్‌లోనే అడగాలి. పని అయిన రోజే ఫామ్ నింపి సంతకం తీసుకోమనండి, నెలాఖరుకి చూద్దాంలే అంటే ఎవరికీ గుర్తుండదు.

ఇదంతా జరగాలంటే మీ ఇంట్లో వారంలో ఒకటి రెండు సాయంత్రాలు పాపకి ఖాళీ చేయాలి. బాబు పికప్ ఒకరోజు మీవారు చేయొచ్చు, ఆయనకి వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులుంటే ఇంకా సులువు, లేదంటే స్కూల్ అయ్యాక ఉండే కేర్‌లో రెండు రోజులకి డబ్బు కట్టండి, మీ రెండో జీతంలో అదేమంత పెద్దది కాదు. తండ్రీకూతుళ్ళ మధ్య రాజీకి ప్రత్యేకంగా మీటింగ్ పెట్టొద్దు. ఫుడ్ బ్యాంక్‌కి మొదటి శనివారం ఆయన్నే దింపమనండి, వీలైతే ఆయన కూడా ఆ షిఫ్ట్‌కి పేరిచ్చి పక్కన నిలబడి డబ్బాలు సర్దమనండి. సారీ చెప్పడం మన మగవాళ్ళకి చచ్చేంత కష్టం, డబ్బాలు మోయడం ఈజీ.

ఇక బాబు. జూనియర్ సొసైటీ కూడా ఆ ప్రిన్సిపాళ్ళ సంఘం వాళ్ళదే, 1929 నుంచి ఉంది, సిక్స్త్ నుంచి నైన్త్ దాకా పిల్లలకి. అందులో ఉన్నంత మాత్రాన రేపు హైస్కూల్ సొసైటీలోకి ఆటోమేటిక్‌గా తీసుకోరు, కాబట్టి చేరకపోతే ఏదో పోతుందనే భయం వద్దు. వాడికి ఇష్టముంటే చేరనివ్వండి, అక్క గొడవకి వాడికి శిక్ష ఎందుకు. కాకపోతే వాడి మీటింగులకి దింపి తెచ్చే డ్యూటీ మాత్రం పాప మీద వేయకండి.