లోన్ మాడిఫికేషన్ అడిగాక కూడా వేలం నోటీసు వస్తే

ఉద్యోగం పోయి ఐదు నెలలుగా వాయిదాలు కట్టలేదని, మాడిఫికేషన్‌కి (అంటే కట్టగలిగేలా ఇంటి లోన్ షరతులు మార్చమని) పేపర్లు పంపినా డాలస్ ఇంటికి వేలం నోటీసు వచ్చిందని రాశారు. ముందు తేదీ చూడండి. టెక్సాస్‌లో వేలం సాధారణంగా నెలలో మొదటి మంగళవారమే. అంతకు 37 రోజుల కంటే ముందే మీ అప్లికేషన్ పూర్తిగా చేరి ఉంటే, దాని సంగతి తేల్చకుండా ఇల్లు వేలం వేయకూడదు. ఇది ఫెడరల్ రూల్ (మరీ చిన్న సర్వీసర్లకు, అంటే లోన్ వాయిదాలు వసూలు చేసే కంపెనీలకు, మినహాయింపు ఉంది).

మెలికంతా ఆ ‘పూర్తిగా’లోనే ఉంది. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఖాళీగా ఉన్న చివరి పేజీ పంపలేదని నా ఫైలు మూడు వారాలు పక్కన పడేశారు! ఫోన్‌లో "అన్నీ వచ్చాయండీ" అంటే నమ్మకండి, అప్లికేషన్ కంప్లీట్ అయిందని లెటర్ అడగండి. ఫ్యాక్స్ రసీదులు దాచుకోండి.

హడ్ (అమెరికా ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ, HUD) గుర్తింపు ఉన్న హౌసింగ్ కౌన్సెలర్ సాయం ఉచితంగానే దొరుకుతుంది. ముందే ఫీజు అడిగేవాళ్ళ జోలికి పోకండి.

37 రోజుల్లోపే వేలం ఉంటే మాత్రం ఇవాళే లాయర్‌ని కలవండి. చాప్టర్ 13 (బాకీలు వాయిదాల్లో తీర్చే దివాలా పిటిషన్) వేస్తే సాధారణంగా వేలం ఆగుతుంది. క్రెడిట్ దెబ్బతింటుంది, కానీ ఇల్లు చేతిలో ఉంటుంది. ఇంతకీ నోటీసులో తేదీ ఎంత?