సమాధానం: శ్రీలంకలో క్యాండీ నుంచి నువారా ఎలియా 75 కిలోమీటర్లే, మూడు గంటలెందుకు?

మ్యాప్ తప్పు కాదండీ. మీరు దూరం చూశారు కానీ ఎత్తు చూడలేదు. క్యాండీ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంటే, నువారా ఎలియా 1,868 మీటర్లు. అంటే మన అరకుకు దాదాపు రెట్టింపు. ఆ 75 కిలోమీటర్లలో ఎక్కువ భాగం తేయాకు తోటల మధ్య మెలికలు తిరిగే ఘాట్ రోడ్డే. అమ్మగారికి వాంతుల ఇబ్బంది ఉందన్నారు కాబట్టి రైల్లో నానుఓయా స్టేషన్ వరకు వెళ్లండి, అక్కణ్ణుంచి ఊరు దగ్గరే.

"భూమధ్యరేఖ దగ్గర దేశం కదా, స్వెట్టర్ దేనికి?" అన్నారు. తప్పకుండా పెట్టుకోండి! వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు 6 డిగ్రీలు తగ్గుతుంది. కొలంబోలో చెమటలు కక్కుతున్న రోజే అక్కడ రాత్రికి రగ్గు కావాలి. జనవరి, ఫిబ్రవరిలో ఒక్కోసారి తెల్లవారుజామున గడ్డిమీద మంచు గడ్డకడుతుంది కూడా.

శ్రీలంకలో ఎత్తయిన కొండలన్నీ మధ్య, దక్షిణ భాగాల్లోనే. అన్నిటికన్నా ఎత్తయిన పిదురుతలాగల (2,524 మీటర్లు) నువారా ఎలియా పక్కనే ఉంటుంది. ఉత్తరాన జాఫ్నా మాత్రం బల్లపరుపు సున్నపురాయి నేల, అటు ప్రయాణం సులువు.

ఇంకోటి, మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు ఈ కొండల పడమటి వాలును తడిపేస్తాయి. మీరు జూలై అన్నారు కదా, వీలైతే తూర్పు వాలులోని బదుల్లా వైపు రెండు రోజులు ఎక్కువ పెట్టుకోండి. అప్పుడక్కడ పొడిగా ఉంటుంది.