తడి ఆరనిదే నిప్పు పెట్టకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు ఒకటికి నాలుగుసార్లు పెద్దవి చేసి చూశాను. లాసన్స్ బే కాలనీలో బదిలీ మీద వెళ్ళిపోతున్న కుటుంబం దగ్గర ఆ కమాడో పొయ్యి, అదే గుడ్డు ఆకారంలో అడుగు కుండా పైన మూతా ఉండే మట్టి గోడల బొగ్గుల పొయ్యి, చౌకగా వచ్చిందని కొన్నావు. మంచి వస్తువే కొన్నావు. కానీ "ఈ ఆదివారం నిండా బొగ్గులు పోసి, గట్టిగా మంట పెట్టి లోపలి బూజంతా కాల్చేస్తాను మామయ్యా" అని రాశావు చూడు, అది చదివాక ఫోనులో రెండు మాటలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. ఆ పని చేయకు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా అగ్గిపుల్ల గీయకు.

ఎందుకో చెప్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన విశాఖను ఊడ్చిపెట్టినప్పుడు, ఓడలో ఇంజనీరుగా పనిచేసే నా స్నేహితుడి డాబా మీద ఇలాంటిదే ఒకటి రోజుల తరబడి వానలో నానింది. పైకి ఆరినట్టే కనిపించింది. కొలిమిలో ఇటుకలు పేర్చి బతికిన మనిషిని, నేనే దగ్గరుండి బొగ్గులు నింపి, గాలి ఆడే రెండు ద్వారాలూ, అడుగున ఉన్నదీ మూత పైన ఉన్నదీ, బార్లా తెరిచాను. అరగంట గడిచిందో లేదో లోపల టప్పుమని శబ్దం. అడుగు కుండ పైనుంచి కిందికి నిలువునా చీలింది. దాన్ని బాగుచేసే దారి లేకపోయింది. స్నేహితుడు ఒక్క మాట కూడా అనలేదు కానీ, నాకు ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది.

ఈ పొయ్యి గోడ రాయి కాదు, కాల్చిన పింగాణీ మట్టి. పైన గాజు పూత ఉంటుంది కాబట్టి బయటి నుంచి నీరు పీల్చదు. లోపలి వైపు ఆ పూత ఉండదు. అక్కడ కంటికి కనబడని రంధ్రాలు కోట్లలో ఉంటాయి. మన కూజా చెమర్చినట్టే అదీ తేమను పీల్చుకుని దాచుకుంటుంది. ఒక్కసారిగా వేడి తగిలితే ఆ నీరు ఆవిరై ఉబ్బుతుంది. బయటికి పోయే దారి ఇరుకు, అందుకని గోడను చీల్చుకుని పోతుంది. దీని అసలు శత్రువు తడి. వందల డిగ్రీల నిప్పును తట్టుకోవడానికే దాన్ని చేశారు, నిప్పుతో దానికి పేచీ లేదు.

స్టీల్ ప్లాంటులో నేను పనిచేసిన రిఫ్రాక్టరీ విభాగంలో, అంటే కొలిముల్లో వేడిని తట్టుకునే ఇటుకల పని చూసే చోట, మాకు మొదట నేర్పింది ఇదే. కొత్త కోక్ ఓవెన్ బ్యాటరీని, అంటే రాక్షసి బొగ్గును కోక్‌గా మార్చే పొయ్యిల వరుసను, మొదటిసారి వేడెక్కించడానికి వారాలు కాదు, నెలలే పడుతుంది. రోజుకు ఇన్ని డిగ్రీలని చార్టు గీసుకుని, దాన్ని దాటకుండా కాపలా కాస్తారు. అక్కడ వాడే సిలికా ఇటుక తక్కువ వేడిలోనే ఎక్కువగా వ్యాకోచిస్తుంది కాబట్టి అంత జాగ్రత్త. నీ పొయ్యి మట్టి అంత పెళుసుది కాదు, నెలలేమీ అక్కర్లేదు. తడి విషయంలో మాత్రం నియమం ఒక్కటే.

ముందు అది బతికి ఉందో లేదో చూడు. కుండ కొనేటప్పుడు అమ్మమ్మ వేలి కణుపుతో తట్టి చూసేది, గుర్తుందా? అలాగే మూతనూ అడుగు కుండనూ చుట్టూ తట్టుకుంటూ రా. ఇనుప పట్టీ బిగించి ఉన్నచోట శబ్దం కాస్త అణిగి వినిపిస్తుంది, దానికి కంగారు పడకు. మిగతా చోట్ల ఖంగున మోగితే సరే. ఎక్కడైనా బొంగురు పోతే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టు. రాత్రి చీకటి పడ్డాక లోపల టార్చిలైటు పెట్టి బయటి నుంచి చూడు. వెలుతురు గీత కనిపించిందంటే ఆ పగులు గోడను దాటినట్టే. అలాంటి అడుగు కుండ మీద ఆశ వదులుకోవాలి. సిమెంటు పూసి వాడవచ్చని ఎవరు చెప్పినా వినకు. లోపల నిప్పు, పైన బరువైన మూత పెట్టుకుని చీలిన కుండను నమ్మడం ప్రాణాలతో చెలగాటం.

నీ ఫొటోల్లో నువ్వు ఎర్ర గీత గీసి చూపించిన సన్నని వెంట్రుకల్లాంటి గీతలున్నాయే, అవి పగుళ్లు కావు. పై పూత ఒక లెక్కన, లోపలి మట్టి ఒక లెక్కన సాగి ముడుచుకోవడం వల్ల పూత మీద పడే గీతలవి. గోరు పెట్టి చూడు, ఎక్కడా ఆగదు. వాటికి చేయవలసింది ఏమీ లేదు.

లోపలి బొగ్గుల గిన్నె రెండు ముక్కలైందని బెంగపడ్డావు. అది మామూలే. ఆ గిన్నె లోపలి ముఖం ఎర్రగా కాగుతుంటే వెనుక వైపు చల్లగా ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు చీలుతుంది. కొలిమి గోడ కట్టేటప్పుడు మేమే ఇటుకల మధ్య కావాలని సందులు వదిలేవాళ్లం, వేడికి సాగడానికి చోటుండాలని. కమాడో జో అనే కంపెనీ ఇదే ఆలోచనతో గిన్నెను ఆరు ముక్కలుగానే చేసి అమ్ముతోంది. నీ రెండు ముక్కలూ ఒకదానికొకటి ఆనుకుని కదలకుండా నిలబడితే అలాగే వదిలెయ్యి. అతికించాలని చూస్తే అతుకు పక్కనే కొత్తగా చీలుతుంది. గిన్నెకున్న కంత మాత్రం అడుగు ద్వారానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. అది పక్కకు తిరిగి ఉంటే గాలి అందక నిప్పు మూలుగుతూ ఉంటుంది, జనం బొగ్గును తిడతారు.

ఇక ఆరబెట్టడం. ఇందులో తొందరపడకు తల్లీ. మరో వారంలో రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండలు. నీ అదృష్టం కొద్దీ సరైన కాలంలో కొన్నావు. గిన్నె, దాని పైనుండే వలయం, జాలీలు అన్నీ బయటికి తియ్యి. గిన్నె వెనుక, గోడకూ దానికీ మధ్య పేరుకున్న పాత బూడిద మొత్తం ఊడ్చెయ్యి. తేమను పట్టి ఉంచేది ఆ బూడిదే. ముక్కుకు మాస్కు కట్టుకుని పొడి బ్రష్షుతో బూజు దులుపు. నీళ్లు కొట్టడం, సబ్బు రుద్దడం, రసాయనాలు చల్లడం వద్దే వద్దు. ఆ మట్టి సబ్బునూ తాగేస్తుంది, తర్వాత నీ కూరలో తిరిగి ఇస్తుంది.

ముక్కలన్నీ డాబా మీద ఎండలో పెట్టు. మధురవాడలో మీ డాబాకి సాయంత్రమయ్యేసరికి సముద్రపు తేమ గాలి వస్తుంది కాబట్టి పొద్దుగూకే ముందే లోపలికి చేర్చు. అడుగు కుండను రోజూ దించి ఎక్కించలేవు, రాత్రిపూట దానిమీద టార్పాలిన్ కప్పి పొద్దున్నే తీసెయ్యి. ఆరిందని ఎలా తెలుస్తుందని అడుగుతావు. చేత్తో తడిమితే తెలియదు, నేను మోసపోయింది అక్కడే. గిన్నె ముక్కను రెండు రోజులకోసారి తూకం వేసి కాగితం మీద రాసుకో. తడి పోతున్నంతకాలం బరువు తగ్గుతూ ఉంటుంది. వరుసగా రెండు మూడు తూకాలు ఒకేలా వస్తే ఎండ చేయగలిగింది చేసేసినట్టు. అడుగు కుండ దానికంటే మందం, దానికి ఇంకో నాలుగు రోజులు ఇవ్వు.

ఆ రోజుల్లో ఇనుము పని చూసుకో. మన ఊళ్లో ఉప్పుగాలి దేన్నీ వదలదు. బీచ్ రోడ్డు వైపు కిటికీ ఊచలు చూడు, రంగు వేసిన రెండో ఏటికే పొలుసులు లేస్తాయి. నీ మూత పట్టీ పైపైనే తుప్పు పట్టింది, బ్రష్షుతో గీకి వేడిని తట్టుకునే రంగు వెయ్యవచ్చు. బోల్టులు మాత్రం మార్చాలి. పట్టుకుపోయిన నట్టుకు తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి వదిలెయ్యి. అయినా కదలకపోతే హాక్సా బ్లేడుతో కోసి తియ్యి. సుత్తి మాత్రం ముట్టుకోకు, ఆ దెబ్బ మట్టికే తగులుతుంది. కొత్తవి 316 రకం స్టెయిన్‌లెస్ అడిగి తీసుకో. హార్బరు వైపు పడవల సామాన్లు అమ్మే దుకాణాల్లో ప్రయత్నించు. 304 రకం చౌక, కానీ ఉప్పుగాలికి దానిమీద కూడా గోధుమరంగు మచ్చలు లేస్తాయి. జింకు పూత వేసిన జాలీ ఎవరిచ్చినా నిప్పు మీద పెట్టకు, బాగా వేడెక్కితే ఆ పూత నుంచి విషపు పొగ వస్తుంది. పాత పోత ఇనుము జాలీ పారేయకు. తుప్పు గీకి, నూనె రాసి కాల్చి, కొత్త దోసెల పెనాన్ని వాడుకలోకి తెచ్చినట్టే తెచ్చుకో.

మూత పట్టీ వదులు చేసే ముందు ఇది గుర్తుంచుకో. కీలు దగ్గర స్ప్రింగులు బలంగా లాగి పట్టి ఉంటాయి. వాటి బిగువు తీయకుండా బోల్టు విప్పితే ఇనుము ఎగిరి చేతికి తగులుతుంది, మూత జారి పడుతుంది. పద్దెనిమిది అంగుళాల జాలీ పట్టే పొయ్యి మొత్తం బరువు డెబ్బై కిలోల పైమాటే, అందులో మూత వాటా తక్కువేమీ కాదు. తిరిగి బిగించేటప్పుడు ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళ్లకు. అటు నాలుగు చుట్లు, ఇటు నాలుగు చుట్లు. మొదటి మూడు నాలుగు మంటల తర్వాత, చల్లారాక, మళ్లీ పానా పెట్టి చూడు. వేడికి పట్టీ సాగి వదులవుతుంది. వదులైన పట్టీలోంచి మూత జారి ముక్కలైన పొయ్యిలు చాలా ఉన్నాయి.

మూత కూర్చునే అంచు మీద, సందులోంచి గాలి పోకుండా అంటించే ఫెల్ట్ (ఒత్తుగా నొక్కిన నార) పట్టీ కాలిపోయింది కాబట్టి బ్లేడుతో గీకి, అసిటోన్ గుడ్డతో తుడిచి, ఆ వాసన పూర్తిగా పోయాక కొత్తది అంటించు. సాగదీసి అంటించకు, వేడికి ముడుచుకుని చివర్లో ఖాళీ వస్తుంది. పాత బాయిలర్ల దగ్గర వాడిన తెల్లటి ఆస్బెస్టాస్ తాడు ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా తీసుకోకు, ఆ నార ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. జిగురు ఆరాక చుట్టూ అక్కడక్కడ వార్తాపత్రిక ముక్క పెట్టి మూత మూసి లాగి చూడు. అన్నిచోట్లా ఒకేలా పట్టి లాగితే సరిగ్గా కూర్చున్నట్టు.

థర్మామీటరును మరిగే నీటిలో ముంచి, వెనుక ఉన్న నట్టు తిప్పి వంద డిగ్రీలకు సరిచేసుకో. సముద్రమట్టం దగ్గర ఉన్నాం కాబట్టి మనకు వందే. అరకులో అయితే నీరు దాదాపు తొంభై ఏడుకే మరుగుతుంది.

ఇప్పుడు నిప్పు. మొదటి రోజు రెండు గుప్పెళ్ల బొగ్గులు మాత్రమే, వంద దాటీ దాటనట్టు రెండు మూడు గంటలు. తర్వాత రెండు ద్వారాలూ మూసి తనంతట తాను చల్లారనివ్వు. మరునాడు నూట యాభై. ఆ మరునాడు రెండు వందలు. ఈ మూడు మంటలతో లోపలి తేమా పోతుంది, కొత్త జిగురూ గట్టిపడుతుంది. నాలుగో రోజు, నువ్వు ఆదివారమే చేద్దామనుకున్న పని చెయ్యి. మూడు వందల డిగ్రీల దాకా ఎక్కించి అరగంట ఉంచు, బూజు బూడిదవుతుంది. అంతకు మించి పోనివ్వకు, ఫెల్ట్ పట్టీ మాడుతుంది. అంత వేడిలో మూత ఒక్కసారిగా ఎత్తకు. లోపల గాలి అందక ఆకలిగా ఉన్న నిప్పు, గాలి తగలగానే ముఖం మీదికి ఎగసిపడుతుంది. రెండు వేళ్ల మందం ఎత్తి, పది లెక్కపెట్టి, మళ్లీ దించి, అలా రెండుసార్లు చేశాక తెరువు. ఆర్పడానికి నీళ్లు పోయడం అనే ఆలోచనే రానివ్వకు.

బొగ్గు అంటే కట్టె కాల్చి చేసిన బొగ్గే. సరుగుడు బొగ్గు దొరికితే చాలా మంచిది. రాక్షసి బొగ్గు కొలిమికే, దాని గంధకం తిండికి పనికిరాదు. అచ్చులు పోసిన బొగ్గు బిళ్లలు బూడిద ఎక్కువ రాల్చి అడుగు కంతలు మూసేస్తాయి. కిరోసిన్ చుక్క కూడా తగలనివ్వకు, ఎండిన కొబ్బరి పీచు మధ్యలో పెట్టి అంటించు, చాలు. నిప్పు ఉన్నంతసేపూ పొయ్యి డాబా మీదే. చినుకు పడిందని అద్దాలు బిగించిన బాల్కనీలోకి తెచ్చావంటే, బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా మనిషిని పడగొడుతుంది.

వానాకాలంలో రేకుల నీడన పెట్టు. ప్లాస్టిక్ గుడ్డ బిగించి కట్టావంటే లోపల చెమ్మ చేరి మళ్లీ బూజు పడుతుంది. పై చిల్లూ అడుగు ద్వారమూ వేలెడంత తెరిచి గాలి ఆడనివ్వు. వాడగా మిగిలిన బొగ్గు లోపలే వదిలితే అదీ చెమ్మ పీలుస్తుంది, డబ్బాలోకి తీసెయ్యి. చాలా రోజులు వాడకుండా వదిలిన తర్వాత మళ్లీ మొదటి రోజు చిన్న మంటతోనే మొదలుపెట్టాలి.

మొదటి వంటకే వంజరం చేప తేవద్దు. నాలుగు పెద్ద వంకాయలు కాల్చి పచ్చడి చెయ్యి. వాటి తొక్క ఎటువైపు మాడిందో చూస్తే నీ పొయ్యిలో వేడి ఎటు ఎక్కువో తెలిసిపోతుంది.

బోల్టులు తెచ్చాక ఫోను చెయ్యి. మూత ఎత్తి పట్టుకోవడానికి రెండో మనిషి తప్పనిసరి. కూర్మన్నపాలెంలో పొద్దున్నే బస్సెక్కి వస్తాను, ఎండ ముదరకముందే బిగించేద్దాం. నేను వచ్చేదాకా స్ప్రింగుల జోలికి వెళ్లకు.

ఇట్లు,
మామయ్య